దాసు అనే పేరు

మా వైపు క్రైస్తవుల పేర్లలో ‘దాసు’ ఎక్కువ. దేవదాసు, యేసుదాసు, క్రీస్తుదాసు, ప్రభుదాసు... నంద్యాల నుంచి సిరివెళ్ళ మీదుగా ఆళ్ళగడ్డకూ, అక్కడి నుంచి చాగలమర్రికీ పోయే దారిలో ఏ ఊరి గేరిలో నిలబడి కేక వేసినా ఇద్దరు ముగ్గురు దాసులు పలుకుతారు. చిన్నతనంలో నాకు ఈ పేరు నచ్చేది కాదు. తరతరాలుగా ఊరికి దాస్యం చేసినవాళ్ళు ఆ దాస్యం వదిలించుకోవడానికే కదా ఈ విశ్వాసంలోకి వచ్చింది, వచ్చి మళ్ళీ ఏరికోరి ఆ మాటనే పేరుగా పెట్టుకోవడమేమిటి అనిపించేది. బైబిలు నిండా కావలసినన్ని పేర్లున్నాయి. దావీదు రాజు ఉన్నాడు, సొలొమోను రాజు ఉన్నాడు. వాళ్ళను వదిలిపెట్టి దాసు!

మా జేజినాయన పేరు చివర కూడా దాసు ఉంది. బాప్తిస్మానికి ముందు ఆయనకున్న పేరును మా ఇంట్లో ఎవరూ పలికేవారు కారు. నేను పదేపదే అడిగితే జేజి ఒక్కసారి మాత్రం, “ఆ పేరు చివర గాడు ఉండేది నాయనా. పేరు కంటే ఆ గాడే పెద్దగా వినపడేది” అంది. ఆయన ఆ ఊరి పెద్ద కాపు ఇంట్లో జీతగాడు. పెళ్ళికి తెచ్చిన అప్పు కింద జీతానికి కుదిరాడు. ఏడాదికి ఇన్ని జొన్నలు, ఇన్ని కొర్రలు, ఒక జత బట్టలు, ఒక చెప్పుల జోడు. అసలు తీరేది కాదు, వడ్డీ ఆగేది కాదు. మీసం వచ్చిన మనిషిని ఆ ఇంటి ఆరేళ్ళ పిల్లవాడు కూడా ‘ఒరే’ అనేవాడట.

1930ల మొదట్లో ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. పేరు మారింది కానీ ఊరు గాడును వదలలేదు. కొన్నేళ్ళు దాసుగాడు అన్నారు. రాత్రిబడిలో చదువు నేర్చుకుని, ఊళ్ళో వాళ్ళకు వచ్చిన ఉత్తరాలు చదివిపెట్టడం మొదలుపెట్టాక దాసు అన్నారు. ముసలితనంలో దాసయ్య అన్నవాళ్ళూ ఉన్నారు. గాడు నుంచి అయ్య దాకా నడవడానికి ఆయనకు నలభై ఏళ్ళు పట్టింది. 1979లో పోయినప్పుడు సమాధి రాయి ఆళ్ళగడ్డ శిల్పుల దగ్గరే చెక్కించాం. దేశమంతటికీ దేవుళ్ళను చెక్కి పంపే చేతులవి. అక్షరానికి ఇంత అని లెక్క. అంత పొడుగు పేరు ఎందుకప్పా, వట్టి దాసు అని చెక్కితే చాలదా అని ఆ శిల్పి మా నాయన మేలు కోరే అడిగాడు. మా నాయన ఒప్పుకోలేదు. దాసు అంటే ఎవరికి దాసో చెప్పాలి కదా అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు.

* * *

ఈ నేలకు ఆ పుస్తకం వచ్చిన దారి కొంత చెప్పాలి. లండన్ మిషనరీ సొసైటీ వారు 1822లో కడపలో పని ఆరంభించారు. తరువాత ఇంగ్లండు సంఘానికి చెందిన ‘సొసైటీ ఫర్ ది ప్రొపగేషన్ ఆఫ్ ది గాస్పెల్’ వారు ఈ వైపు వచ్చి, 1850లలో చాగలమర్రి దగ్గరి ముత్యాలపాడు కేంద్రంగా చేసుకున్నారు. కలసపాడు మరొక కేంద్రం. నంద్యాల పెద్దదయింది ఆ తరువాతే. అంటే ఈ విశ్వాసం మాకు పట్నం నుంచి పల్లెకు రాలేదు, పల్లెలోనే మొదలై పట్నానికి పోయింది. దానిని మోసుకుపోయినవాళ్ళు దొరల కంటే ఉపదేశులు. ఉపదేశి అంటే పగలు బడిపంతులు, రాత్రి ప్రార్థన చెప్పేవాడు, మధ్యలో ఉత్తరాలు, అర్జీలు రాసిపెట్టేవాడు. ఒకే పూరిపాకలో పలకా, బైబిలూ రెండూ ఉండేవి.

1876-78 నాటి ధాత కరువు తరువాత చేరినవాళ్ళ సంఖ్య బాగా పెరిగింది. అందువల్ల ‘గంజికి చేరినవాళ్ళు’ అన్న మాట మా వాళ్ళను ఈనాటికీ వదలలేదు. నాకు ఆ మాట అవమానంగా తోచదు. నిర్గమకాండములో ఎఱ్ఱసముద్రం దాటిన జనం మొట్టమొదట అడిగింది నీళ్ళు, ఆ తరువాత తిండి. దేవుడు వాళ్ళకు మన్నా కురిపించాడే గాని ముందు ధర్మశాస్త్రం అప్పజెప్పు, తరువాత తిందువుగాని అనలేదు. సీనాయి కొండ ఆ తరువాతి సంగతి. ఆకలిగొన్నవాడి విశ్వాసాన్ని శంకించే హక్కు కడుపు నిండినవాడికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

అంతకుముందు కూడా మా గేరి చెవిటిది కాదు. బనగానపల్లెలో ఆవులు కాశాడని, రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశాడని చెప్పుకునే పోతులూరి వీరబ్రహ్మం గారు మా జిల్లా మనిషే. దూదేకుల సిద్ధయ్యను, మాదిగ కక్కయ్యను శిష్యులుగా చేసుకున్నాడని చెప్పే కథలు మా జేజికి కంఠతా వచ్చు. ఆదివారం గుడిలో కీర్తన పాడి, సాయంత్రం అరుగు మీద సిద్ధయ్య కథ చెప్పేది. అది తప్పని ఉపదేశి అంటే, “నీ కంటే ముందు మమ్మల్ని మనుషులనింది ఆయప్పే కదా” అనేదట.

ఒప్పుకోకపోవడమన్నది మా వాళ్ళకు మరో విధంగా కూడా అలవాటే. వి.ఎస్. అజరయ్య గారు 1912లో దోర్నకల్లు మేత్రాసనానికి తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా కలకత్తాలో అభిషిక్తులయ్యారు. నంద్యాల ప్రాంతం కూడా ఆ మేత్రాసనంలోకి వచ్చింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు దోర్నకల్లు మొత్తం అందులో చేరింది. నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది మాత్రం చేరలేదు. 1970లలో గాని ఆ చీలిక అతకలేదు. అప్పటి వాదాలు అభిషేకాల గురించీ ఆరాధన క్రమాల గురించీ. ఈనాడు చదివితే పెద్ద తగాదాగా కనబడవు. కానీ పొలంలో ‘ఊఁ’ అనడం తప్ప ఎరగని మనుషులు ఒక సభలో నిలబడి ‘మేము ఒప్పుకోం’ అన్నారన్నది నాకు ఆ వాదాల కంటే ముఖ్యం. 2013లో అదే నంద్యాల మేత్రాసనానికి ఎగ్గోని పుష్పలలిత గారు దక్షిణ ఇండియా సంఘపు తొలి మహిళా బిషప్పు అయ్యారు. మా జేజి బతికి ఉంటే ఏమనేదో ఊహించగలను. “ఇప్పటికా?” అనేది.

* * *

జేజినాయనకు బైబిలులో అన్నిటికంటే ఇష్టమైనది ఫిలేమోనుకు పౌలు రాసిన ఉత్తరం. సువార్తలు కావు, కీర్తనలు కావు, ఇరవై అయిదు వచనాల చిన్న ఉత్తరం. నంద్యాల గుడిలో ఎప్పుడైనా దానిమీద ప్రసంగం విన్నానా అంటే ఒకటి రెండు సార్లు విన్నానేమో.

కథ తెలిసినదే. ఒనేసిము అనే దాసుడు యజమాని ఫిలేమోను దగ్గర నుంచి వెళ్ళిపోయి చెరసాలలో ఉన్న పౌలును కలుస్తాడు, విశ్వాసి అవుతాడు. పౌలు అతన్ని యజమాని దగ్గరికే తిప్పి పంపుతూ ఈ ఉత్తరం ఇస్తాడు. ఇకమీదట దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకోమంటాడు. ఒనేసిము అన్న పేరుకు ప్రయోజనకరుడని అర్థం. పనికివచ్చేవాడు అన్నది దాసులకు పెట్టే పేరు. పౌలు ఆ పేరు మీద చిన్న చమత్కారం కూడా చేస్తాడు, నిన్నటిదాకా నీకు పనికిరానివాడు నేడు నీకూ నాకూ పనికివచ్చేవాడయ్యాడని.

తిప్పి పంపడమేమిటి అని నాకు కోపం వచ్చేది. జీతం ఎగ్గొట్టి పారిపోయిన మనిషిని మళ్ళీ ఆ గడపలోకే తోసే పౌలు నాకు దొరలాగే కనబడ్డాడు. జేజినాయన చూపు వేరు. ఆయన వేలు ఎప్పుడూ పద్దెనిమిది, పంతొమ్మిది వచనాల దగ్గర ఆగేది. అక్కడ పౌలు ఒక పని చేస్తాడు. ఈ మనిషి నీకేమైనా బాకీ ఉంటే అది నా లెక్కలో రాసుకో, నేను తీరుస్తాను అని, ఇది నా చేతితోనే రాస్తున్నానని ప్రత్యేకంగా చెబుతాడు. అంటే ప్రామిసరీ నోటు! అపొస్తలుడు ఒక జీతగాడి కోసం నోటు రాసి చేవ్రాలు పెట్టాడు. కాపు ఇంటి పెట్టెలో తన వేలిముద్ర ఉన్న కాగితాన్ని తలచుకుంటూ బతికిన మనిషికి ఆ వచనం ఎలా తగిలి ఉంటుందో! రాత్రిబడిలో పేరు రాయడం వచ్చిన రోజున ఆయన పలక మీద పదిసార్లు సంతకం చేశాడని జేజి చెప్పేది.

ఆయన అప్పును ఏ దొరా తీర్చలేదు, ఏ మిషనూ తీర్చలేదు. ఒక బర్రెను అమ్మి, జేజి నంద్యాల వైపు పత్తి తీతకు పోయి, ఆరేళ్ళకు తామే తీర్చుకున్నారు. అయినా తీర్చినవాడు పౌలేనని ఆయన నమ్మకం. ‘తీరుతుంది’ అన్న ఊహ అంతకుముందు లేదు గనుక.

తెలుగు బైబిలు చేసినవాళ్ళు ఎక్కడి నుంచి ఏరారోగాని మా బతుకులో మాటలే వాడారు. యోహాను సువార్త పదో అధ్యాయంలో తోడేలును చూసి గొఱ్ఱెలను వదిలి పారిపోయేవాడు జీతగాడు. గలతీయుల పత్రికలో దాస్యాన్ని పోల్చింది కాడితో. ఇంగ్లీషు బైబిలులో ఆ మాటలు చదివితే నాకు ఏమీ కాదు. తెలుగులో చదివితే మెడ మీద చెయ్యి పెట్టి చూసుకోవాలనిపిస్తుంది. జీతగాడి ప్రసంగం విన్న ఒక ఆదివారం జేజినాయన ఇంటికి వచ్చి, “పారిపోక ఏం చేస్తాడు, గొర్రె ఆయనదా?” అన్నాడట. వ్యాఖ్యాన గ్రంథాల్లో నాకు ఇంతకంటే సూటి మాట దొరకలేదు.

పౌలు తన ఉత్తరాల్లో తనను తాను క్రీస్తు దాసుడిగా పరిచయం చేసుకుంటాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో, మిమ్మల్ని ఒకరు వెలపెట్టి కొన్నారు గనుక ఇక మనుషులకు దాసులు కావద్దని చెబుతాడు. ఆ పక్కనే, దాసుడిగా ఉండి స్వతంత్రుడయ్యే వీలు దొరికితే దానిని వినియోగించుకొమ్మనీ అంటాడు. ఒకరికి అమ్ముడుపోయాను గనుక ఇంకెవరూ నన్ను కొనలేరు అన్నది ఆ తర్కం. మా గేరిలో దాసు అన్న పేరు పెట్టుకున్నవాళ్ళు గ్రీకు చదవలేదు, వేదాంత కళాశాల చూడలేదు. అయినా ఆ తర్కం వాళ్ళకు పట్టుబడింది. సమాధి రాయి దగ్గర మా నాయన అన్న మాట అదే. దేవదాసు అన్నది ఒక రకంగా కాపుకు చెప్పిన జవాబు.

* * *

మా నాయన మిషను బడిలో ఉపాధ్యాయుడు. ఆరో తరగతిలో నన్ను హైస్కూలులో చేర్పించడానికి 1976లో తీసుకుపోయాడు. దరఖాస్తులో మతం, కులం అన్న గళ్ళు ఉన్నాయి. ఆయన క్రిస్టియన్ అని రాశాడు. అక్కడి పెద్దమనిషి కళ్ళజోడు తీసి, “అయ్యవారూ, తెలిసినవారు మీరే ఇట్ల చేస్తే ఎట్ల? హిందూ అని రాయండి, మీ కులం రాయండి. మీ గేరిలో అందరూ అట్లే రాసినారు. పిల్లోని బతుకు కదా” అన్నాడు. నిజంగా నా మంచి కోరే అన్నాడు. మా నాయన, “ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరు మోయడం నా చేత కాదు సార్” అని సంతకం పెట్టాడు.

ఆ సంతకం విలువ ఏమిటో చెప్పాలంటే చట్టం చెప్పాలి. 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివారిని షెడ్యూల్డు కులాలుగా పరిగణించరాదంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ చేశారు. క్రైస్తవులకూ ముస్లిములకూ చేయలేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని వెనుకబడిన తరగతుల్లో ‘సి’ గుంపుగా పెట్టి ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చారు. పదిహేను శాతం వరుసలో నుంచి ఒక్క శాతం వరుసలోకి నన్ను మా నాయన సిరా కలం ఒక్కసారిగా మార్చింది.

చట్టం వెనుక ఉన్న నమ్మకం ఏమిటంటే, క్రైస్తవంలో కులం లేదు గనుక క్రైస్తవుడైనవాడికి కులం పోతుందని. ఊరికి ఆ నమ్మకం లేదు. బాప్తిస్మం తీసుకున్న మరునాడు మా జేజినాయనకు హోటలులో గ్లాసు మారలేదు. గుడికీ ఆ నమ్మకం లేదు, పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు తెలుస్తుంది. క్రీస్తులో యూదుడని, గ్రీసువాడని, దాసుడని, స్వతంత్రుడని తేడా లేదని గలతీయులకు పౌలు రాసిన మాటను మా పాస్టర్ల కంటే, మా పెళ్ళి పెద్దల కంటే ఎక్కువగా నమ్మింది ఆ 1950 ఉత్తర్వేనేమో! రంగనాథ్ మిశ్రా కమిషను ఈ మతపు షరతు తీసివేయమని 2007లో సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో ఇదే విషయం పరిశీలించడానికి కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన మరో కమిషను వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. 2025లో రాష్ట్ర హైకోర్టు, మతం మారినవారికి అట్రాసిటీ చట్టపు రక్షణ వర్తించదని ఒక పాస్టరు కేసులో తీర్పు చెప్పింది. కాగితాలు ఇలా నడుస్తూనే ఉన్నాయి.

ఇంటరు అయ్యాక నేను కోరుకున్న చదువుకు సీటు రాలేదు. మా నాయన దగ్గరే అక్షరాలు దిద్దిన మా గేరి కుర్రవాడికి, నా కంటే కొన్ని మార్కులు తక్కువ వచ్చినవాడికి, వచ్చింది. మంచివాడు, తరువాత మంచి వైద్యుడయ్యాడు. మాతో పాటే గుడిలో కూర్చునేవాడు. అతని మీద నాకు కోపం రాలేదు, మా నాయన మీద వచ్చింది. రెండేళ్ళు ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. నీ మనస్సాక్షికి నువ్వు పెట్టిన ఖర్చు నా లెక్కలో ఎందుకు రాశావు అన్నది నా ప్రశ్న. పౌలు ఇతరుల బాకీ తన లెక్కలో రాయించుకున్నాడు, నువ్వు నీ బాకీ నా లెక్కలో రాశావు అని ఒకసారి ఫిలేమోను పత్రికతోనే ఆయనను కొట్టాను. ఆయన ఏమీ అనలేదు. చాలాసేపటికి, “నువ్వు బాగా చదువుతున్నావు బైబిలు” అన్నాడు.

* * *

బాగా చదవడం నిజానికి ఆ కోపంతోనే మొదలయింది. నంద్యాలలో ఒక గదిలో ఉండి డిగ్రీ చదువుతున్న రోజులు. గుడిలో బహుమతి కోసం వచనాలు కంఠస్థం చేసినప్పటి చదువు వేరు, తండ్రిని ఓడించడానికి ఆధారాలు వెతికే చదువు వేరు. రెండోదాంట్లో ఒక లాభం ఉంది, నచ్చని భాగాలు కూడా వదలకుండా చదవాలి.

యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయంలో యేసు సత్యం మిమ్మల్ని స్వతంత్రులను చేస్తుందన్నప్పుడు, ఎదుటివాళ్ళు మేము అబ్రాహాము సంతానం, ఎన్నడూ ఎవరికీ దాసులం కాలేదు అంటారు. ఎంత విచిత్రమైన మాట! ఐగుప్తులో ఇటుకలు చేసినవాళ్ళు, బబులోనుకు చెరపట్టబడినవాళ్ళు, ఆ మాట అంటున్న క్షణాన రోమాకు పన్ను కడుతున్నవాళ్ళు. మా జేజినాయన ఆ మాట అనగలిగేవాడు కాదు. తాను దాసుణ్ణని ఆయనకు తెలుసు, కనుక విడుదల అన్న మాట వినగానే అది తనకేనని గుర్తుపట్టాడు. నాకు ఆ వీలు లేదు. నేను ఎవరికీ జీతగాణ్ణి కాను, నన్ను ఎవరూ ‘ఒరే’ అనలేదు. అయినా రోజుకు పదిసార్లు ఒక గళ్ళ కాగితం దగ్గరికి పోయి నిలబడేవాణ్ణి. మార్కుల జాబితాలో ఆ కుర్రవాడి పేరు, నా పేరు. నాకు యజమాని ఆ కాగితం. ఈ సంగతి మెరుపులా తెలియలేదు. ఒక శ్రమకాలం నలభై రోజులు రోజూ అదే అధ్యాయం దగ్గర ఆగి ఆగి తెలిసింది.

ఆ తరువాత చిక్కుముడి విప్పింది ఇద్దరు కుర్రవాళ్ళు, తిమోతి, తీతు. అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయంలో పౌలు తిమోతిని తన వెంట తీసుకుపోవాలనుకుని, ఆ ప్రాంతపు యూదులను బట్టి అతనికి సున్నతి చేయిస్తాడు. తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీసువాడు. గలతీయుల పత్రిక రెండో అధ్యాయంలో అదే పౌలు, గ్రీసువాడైన తీతుకు సున్నతి చేయాలని కొందరు ఒత్తిడి చేస్తే ఒక్క గడియ కూడా లొంగలేదని గర్వంగా రాసుకుంటాడు. ఒకే మనిషి, ఒకే ఆచారం, రెండు తీర్పులు. చాలా రోజులు దీన్ని పౌలు అవకాశవాదం అనుకున్నాను. మళ్ళీ చదివితే తేడా కనిపించింది. తీతు దగ్గర వాళ్ళు అడిగింది, ఇది లేకపోతే నువ్వు పూర్తి మనిషివి కావు అని. తిమోతి దగ్గర ఉన్న ప్రశ్న, ఇది ఉంటే ఆ తలుపులు తెరుచుకుంటాయి అని మాత్రమే. మొదటిదానికి లొంగితే మిగిలేది ఏమీ ఉండదు. రెండోదానికి ఒప్పుకుంటే పోయేది ఏమీ లేదు. పైగా యెరూషలేములో కొరడాలతో కొట్టబోతుంటే తాను పుట్టుకతో రోమా పౌరుణ్ణని చెప్పి ఆపించుకున్నవాడు పౌలు. తన దగ్గరున్న కాగితం పనికివచ్చే చోట వాడుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు.

మా నాయన తీతు పక్షాన నిలబడ్డాడు. ఆ గడిలో హిందూ అని రాయడం, తన తండ్రి నలభై ఏళ్ళు నడిచిన నడకను వెనక్కి తిప్పడమని ఆయనకు తోచింది. మా గేరిలో మిగిలినవారు తిమోతి దారిన పోయారు. ఎవరూ విశ్వాసాన్ని అమ్ముకోలేదు. ఇది రాసుకుని, మడతపెట్టి, శనివారం ఊరికి పోయి ఆయన చేతికిచ్చాను. చదివి బైబిలులోనే పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి మళ్ళీ మాట్లాడుకున్నాం. సీటు పోయిన సంగతి అలాగే ఉంది. అది న్యాయమైందని నేను ఇప్పటికీ అనను. కానీ ఆ మార్కుల జాబితా దగ్గరికి పోవడం మానేశాను. మానేశానన్న సంగతి కూడా మానేసిన కొన్ని నెలలకు గాని తట్టలేదు.

మన ప్రార్థన కూటాల్లో సాక్ష్యం చెప్పేవారు తాగుడు నుంచి, జబ్బు నుంచి, అప్పుల నుంచి విడుదల కలిగిందంటారు. తేదీతో సహా చెబుతారు. నాకు చెప్పడానికి తేదీ లేదు.

* * *

మా పెదనాయన కొడుకు, నాకు అన్న, ప్రభుత్వోద్యోగి. సర్టిఫికెట్టులో హిందువు. ఉద్యోగం చేసినంతకాలం ఆయన తాను పనిచేసే ఊళ్ళో గుడికి పోలేదు. ఎవరైనా ఫొటో తీసి అర్జీ పెడతారేమోనని భయం. పక్క ఊరికి బదిలీ అయితే ఇక్కడి గుడికి, ఇక్కడికి వస్తే పక్క ఊరి గుడికి. ఇంట్లో బైబిలు బీరువాలో బట్టల కింద ఉండేది. కూతురి పెళ్ళి పత్రికలు రెండు రకాలుగా అచ్చు వేయించాడు. తిమోతి కథ ఆయనకు చెబితే ఒప్పుకోలేదు. “తిమోతి భయపడి చేయించుకోలేదు కదరా” అన్నాడు. నిజమే. నాకు జవాబు లేకపోయింది. ఆ రాత్రి మిద్దె మీద పడుకుని, “నేను క్రైస్తవుణ్ణి కానేమో రా” అన్నాడు.

కొన్నాళ్ళకు ఆయనకు నయమాను కథ చదివి వినిపించాను. రాజులు రెండవ గ్రంథము అయిదో అధ్యాయం. సిరియా సేనాపతి నయమాను కుష్ఠు బాగుపడి, ఇక ఇశ్రాయేలు దేవునికే మొక్కుతానంటాడు. బళ్ళో పిల్లలకు అక్కడిదాకానే చెబుతారు. తరువాత ఇంకో మాట ఉంది. తన రాజు రిమ్మోను గుడికి పోయేటప్పుడు తన చేయి ఆనుకుని వంగుతాడు, అప్పుడు నేనూ వంగవలసి వస్తుంది, ఈ ఒక్క విషయంలో యెహోవా నన్ను క్షమించాలి అని ప్రవక్తను ముందుగానే అడుగుతాడు. ఉద్యోగధర్మం మరి! ఏలీయా అయితే ఏమనేవాడో. ఎలీషా వంగవచ్చు అనలేదు, వంగవద్దు అనలేదు. సమాధానంగా వెళ్ళమని ఒక్క మాట అన్నాడు. నయమాను రెండు కంచరగాడిదలు మోసేటంత ఇశ్రాయేలు మన్ను అడిగి తన దేశానికి తీసుకుపోతాడు. రిమ్మోను గుడిలో నడుము వంగుతుంది, ఇంటి పెరట్లో ఆ మన్ను ఉంటుంది.

అన్న చాలాసేపు ఊరుకుని, “రెండు గాడిదల మన్ను అంటే ఎన్ని తట్టలుంటుంది?” అన్నాడు. లెక్కల మనిషి. తరువాత ఒకసారి వాళ్ళింటికి పోతే బైబిలు బీరువాలో నుంచి బల్ల మీదికి వచ్చింది. దాని మీద దినపత్రిక కప్పి ఉంది.

2023లో ఆయన రిటైరయ్యాడు, నంద్యాలలో ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం హోలీ క్రాస్ కెథెడ్రలుకు నడిచే పోతాడు, చేతిలో బైబిలు అందరికీ కనబడేటట్టు పట్టుకుని. కూర్చునేది మాత్రం చివరి వరుసలో, తలుపు పక్కన. ముందుకు రమ్మని నేను సైగ చేస్తే రాడు. ఎందుకన్నా అని అడిగితే, “ఇక్కడ గాలి బాగా వస్తుందిరా” అంటాడు.